వీపు డైలాగులు

జూన్ 2, సోమవారం

ఆయన పోయాక డైరీ మానేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ, ఎదురుగా అంటే ఇల్లు పీకి పందిరేసేంత గొడవయ్యే మాటలన్నీ ఇందులో పెట్టి మూసేసేదాన్ని. మనిషే లేకపోయాక దాచుకోవలసిన మాటలూ లేకుండా పోయాయి. ఇప్పుడు మళ్ళీ పోగవుతున్నాయి. మంచి లక్షణమో కాదో తెలియదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక కొడుకు నన్ను ఈ కాలనీకి తెచ్చుకున్నాడు. ప్రేమగానే తెచ్చుకున్నాడు, కాదనను. ఇక్కడి ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. మీగడ రంగు గోడలు, బూడిద రంగు తలుపులు, ముందర నడుమెత్తు మొక్కల కంచె. వీధివైపు కిటికీలకి తెల్ల కర్టెన్లే ఉండాలని సంఘం నిబంధన. కోడలు తన గదికి ఆకుపచ్చ కర్టెన్ వేస్తే సంఘం కార్యదర్శిగారు స్వయంగా దయచేసి, చాలా మర్యాదగా, టీ తాగి మరీ, తీసేయించి వెళ్ళింది. ఆవిడకి నేను 'కర్టెన్ల కమాండర్' అని పేరు పెట్టాను. ఆ పేరు నాకూ కోడలికీ మాత్రమే తెలుసు.

మధ్యాహ్నాలు మేమిద్దరం సినిమాలు చూస్తాం. ఒకప్పుడు నేను మాటలు రాసిన డబ్బింగు దయ్యాల సినిమాలు. ఎవరో పుణ్యాత్ములు వాటిని వెతికి ఇంటర్నెట్‌లో పెట్టారు. పేర్లు పడేటప్పుడు నా పేరు రాదు. 'మాటలు' అన్నచోట నిర్మాత బావమరిది పేరుంటుంది. అతను రాసిన వాటిల్లో నాకు తెలిసి సంతకాలే ఎక్కువ.

జూన్ 4, బుధవారం

ఇవాళ మేడమీద చప్పుళ్ళ సినిమా. పెళ్ళాం దీపం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, పైన ఎవరో నడుస్తున్నారంటుంది. మొగుడు పేపరు దించకుండా, "ఏం లేదు, గాలి" అంటాడు. ఆ మాట ఎన్ని సినిమాలకి రాశానో లెక్కలేదు. రాయడం సులువు. పేపరు వెనకాల పెదాలు కనబడవు.

తర్వాత డాక్టరు వస్తాడు. జబ్బు పెళ్ళానిది, మాట్లాడేది మొగుడితో. ఇద్దరూ తల ఊపుకుంటారు. ఇంజక్షన్ మాత్రం ఆవిడకే. చివరికి పైన నిజంగానే ఎవరో ఉంటారు. మొగుడు ఆవిడని రక్షిస్తాడు గానీ, 'నువ్వు చెప్పింది నిజమే' అని మాత్రం అనడు. ఒక సినిమాలో నేనే ఆ మాట అతని నోట్లో పెట్టాను. హీరో మెత్తబడ్డట్టుందని నిర్మాత తీసేయించాడు.

"ఈయన మనింటాయనలాగే లేడూ," అంది కోడలు.

"మనవాడు పేపరు చదవడు," అన్నాను.

"ఫోను చూస్తాడుగా."

ఇద్దరం కాసేపు ఆ మొగుణ్ణే చూశాం.

ఆ పెళ్ళాం గొంతు మా 'కేక'ది. ఆ రోజుల్లో దయ్యాన్ని చూసి ఏ ఆడది అరిచినా అరిచింది మా కేకే. అందుకే ఆ పేరు. మనిషి గుప్పెడంత, గొంతు మాత్రం అద్దాల బీరువా పగిలినట్టు. అరిచాక మైకు వెనక్కి తోసి, "ఎక్కడ ఆపాం, మీ అత్తగారి కథ చెప్పు" అనేది. పోయిన ఏడాది కన్నుమూసింది. ఇన్ని సినిమాల్లో దాని గొంతుంది, ముఖం ఒక్కదాన్లోనూ లేదు. ఎవరెవరివో ముఖాలు పెట్టుకుని రోజూ మా హాల్లోకి వచ్చి మాట్లాడి పోతోంది.

జూన్ 9, సోమవారం

కోడలికి పాత ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కోడలు సొరంగాల ఇంజనీరు. కొండ కడుపులోంచి రైలుకి దారి తవ్వించే పని. ఈ ఇల్లు కొన్నప్పుడు, సర్దుకునేదాకా అని సెలవు పెట్టింది. సర్దడం పూర్తయ్యేలోగా నా మోకాలు వచ్చిపడింది.

కొత్త సొరంగం మొదలవుతోందట. తవ్వకం మొత్తానికీ తననే పెద్దగా ఉండమంటున్నారు. రెండు వారాలు అక్కడ, నాలుగైదు రోజులు ఇక్కడ. నెలాఖరులోగా చెప్పాలి. అన్నం దగ్గర చెప్పింది. చెబుతుంటే చేతిలో గరిటె ఊగుతోంది.

"మంచిదే. నీ ఇష్టం," అన్నాడు కొడుకు. కాస్త ఆగి, "అమ్మ మోకాలు ఒక్కటే చూసుకో మరి."

"అంటే వద్దంటున్నారా?"

"వద్దని ఎక్కడన్నాను? చూసుకోమన్నాను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను మంచినీళ్ళ గ్లాసు ఎత్తాను. చాలాసేపు తాగాను.

జూన్ 10, మంగళవారం

మోకాలు సలుపుతోంది. మబ్బు పట్టింది కదా, అందుకేనేమో.

జూన్ 13, శుక్రవారం

మోకాలికి వ్యాయామం చేయించే ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, బట్టతల, బడిపంతుల్లా మాట్లాడతాడు. మేము 'మోకాళ్ళ మేష్టారు' అంటాం. కాలు వంచి, చాపి, ఇంకోసారి వంచి, "ఇక నేను రానక్కర్లేదమ్మా. మీరు మెట్లెక్కొచ్చు, బజారుకి పోవచ్చు. ఆ కర్ర ఎవరికైనా ఇచ్చేయండి," అన్నాడు.

"నొప్పుందండీ."

"ఎక్కడ?"

"లోపల."

"నొక్కితే తెలుస్తోందా?"

"మీరు నొక్కగలిగినంత దగ్గర లేదు లెండి."

నవ్వాడు. అతనికి సంగతి అర్థమైనట్టే ఉంది. "అబ్బాయిగారికి నేను చెప్పనా?" అన్నాడు. నా మోకాలి సంగతి నేనే చెప్పుకుంటానన్నాను.

సందర్భం రాలేదు. అన్నం దగ్గర వాడు ఏదో ఆఫీసు గొడవలో ఉన్నాడు. మధ్యలో మోకాలు తెస్తే బాగుండదు.

జూన్ 16, సోమవారం

ఇవాళ 'ఒకేలాంటి ఇళ్ళ సినిమా' చూశాం. కోడలికి అదంటే ప్రాణం. ఓ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, ఆడవాళ్ళంతా ఒకేలా నవ్వుతుంటారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల మొదట భయపడుతుంది, ఇరుగుపొరుగుని అడుగుతుంది, మొగుడికి చెబుతుంది, చివరికి తనూ అలాగే నవ్వుతుంది. దయ్యం ఉండదు, రక్తం ఉండదు. నేను రాసిన వాటిలో పిల్లలు నిద్రలో కలవరించింది దీనికే అని విన్నాను. పిల్లలు కాదేమో, తల్లులేమో.

డబ్బింగు రాయడం ఎలాగని కోడలు అడిగింది. ఇంతవరకూ నన్నా మాట ఎవరూ అడగలేదు. ఆయన కూడా. నాకు హుషారొచ్చి పాఠం చెప్పేశాను. తెరమీద మనిషి పెదాలు మూస్తే మనమూ ప, బ, మ లాంటి అక్షరం వెయ్యాలి. తెరిచినంతసేపే మాట ఉండాలి. పరాయి నోటికి కొలతలు తీసి చొక్కా కుట్టడమే. కానీ ఆ సినిమాల్లో ఆడవాళ్ళు సగంసేపు వీపు తిప్పుకునే ఉంటారు. పొయ్యి దగ్గర, సింకు దగ్గర, కిటికీ దగ్గర. మొగుడు మాట్లాడుతుంటే కెమెరా వాడి ముఖం మీదే ఉంటుంది, ఆవిడ వీపు అంచున కనిపిస్తుంది. వీపుకి పెదాలుండవు. అక్కడ మనం ఏం రాసినా ఇమిడిపోతుంది. అసలు సినిమాలో ఆవిడ 'కాఫీ కావాలా' అని ఊరుకుంటుంది. నేను ఇంకో రెండు ముక్కలు చేర్చేదాన్ని. నిర్మాత పాటలొచ్చేచోటే మేలుకుని ఉండేవాడు. దయ్యాల సినిమాల్లో పాటలుండవు.

'వీపు డైలాగులు' అనేవాళ్ళం కేకా నేనూ. అవి రాయడం కోసమే మిగతా సినిమా రాసేదాన్నేమో.

ఈ సినిమాలో ఒకటి బెడిసికొట్టింది. ఆ కొత్త కాపురం పిల్ల సింకు దగ్గర నిలబడి కిటికీలోంచి చూస్తుంటుంది. "కాఫీ తెస్తున్నా. ఈ కిటికీ నాకు చాలడం లేదండీ" అని రాశాను. కేక గుండెల నిండా ఊపిరి తీసుకుని, కాఫీ దగ్గరే తాపీగా మొదలుపెట్టింది. ఈలోగా తెరమీద పిల్ల ఇటు తిరిగేసింది, పెదాలు మూసుకుని నవ్వుతూ. మూసిన నోట్లోంచి 'చాలడం లేదండీ' వినబడుతోంది. మళ్ళీ చేద్దామంటే డబ్బింగు థియేటరు టైమైపోయింది. అలాగే విడుదల చేశారు. మర్నాడు ఓ పత్రికలో, 'దర్శకుడు ఆమె అంతరాత్మను వినిపించిన తీరు అపూర్వం' అని రాశారు. కేక ఆ కాగితం ముక్క మైకుకి అంటించింది.

కోడలు సినిమాలో ఆ ముక్క వెనక్కి తిప్పి మూడుసార్లు వేసింది.

"నిజంగా పొరపాటేనా అత్తయ్యా?"

"పొరపాటే. అంత తెలివుంటే మేమెందుకు దయ్యాలకి పనిచేస్తాం?"

జూన్ 18, బుధవారం

కోడలికో అలవాటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడని వేలి కణుపుతో తడుతుంది. కొండలో రాయి గట్టిదో గుల్లదో అలా వినేదట. ఈ ఇంటి గోడలన్నీ తట్టి చూసిందట మొదటి వారమే.

"ఏం తేలింది?"

"మధ్యలో ఏమీ లేదత్తయ్యా. రెండు అట్టలు."

సొరంగంలో భయం వెయ్యదా అని అడిగాను. "వేస్తుంది. కానీ సాయంత్రానికి ఎంత లోపలికెళ్ళామో చూసుకోవచ్చు. పొద్దున లేని దారి సాయంత్రం ఉంటుంది. ఇక్కడ గిన్నెలు కడుగుతాను, రేపు అవే గిన్నెలు." అని కాసేపాగి, "మీతో సినిమాలు లేకపోతే పిచ్చెక్కేది నాకు," అంది.

ఆ చివరి మాట నేను వినవలసిన దానికంటే ఎక్కువ సంతోషంగా విన్నాను.

మోకాలి సంగతి చెప్పాలి. రేపు.

జూన్ 20, శుక్రవారం

ఇవాళ్టిది రాయకపోతే నిద్రపట్టదు.

కోడలు బ్యాంకుకి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని కర్ర లేకుండా బయల్దేరాను. ఎంత బాగుందో. మలుపు దాటాను, ఇంకో మలుపు దాటాను. నా రెండు కాళ్ళూ నావే. తిరిగొచ్చి తలుపు తోసి, సోఫాలో కూలబడి, వంటింట్లో చప్పుడైతే, "వచ్చేశావా, కాస్త టీ పెడతావా తల్లీ," అన్నాను.

"పెడుతున్నానండీ," అంది.

'అండీ' దగ్గర అనుమానం రావలసింది. రాలేదు. అదే సోఫా, అదే తెల్ల కర్టెన్, అదే గోడ గడియారం. టీ తెచ్చినావిడ ముఖం చూశాక తెలిసింది, ఇది మా ఇల్లు కాదని.

లేవబోతే కూర్చోబెట్టింది. "ఫర్లేదండీ, వస్తూనే ఉంటారు. మా ఆయన ఓసారి పక్కింట్లోకి పోయి భోంచేసి వచ్చారు."

"ఎప్పుడు తెలిసిందట?"

"చెయ్యి తుడుచుకున్నప్పుడు. తువ్వాలు మెత్తగా ఉందట."

"వంటలో తేడా తెలియలేదా?"

"నేనూ అదే అడిగాను. ఇవాళ బాగా కుదిరిందనుకున్నారట."

నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాను. ఇక్కడికి రాకముందు ఫైరింజన్ నడిపేదట ఆవిడ. ఇప్పుడేం చేస్తున్నారంటే, "ఇప్పుడూ డ్రైవింగేనండీ. పిల్లల్ని బళ్ళో దింపుతాను. సైరను ఉండదంతే," అంది. కప్పు కడుగుతూ, వీపు తిప్పుకునే అంది. మూసిన నోరు కాదు కదా అని తొంగి చూశాను.

వచ్చేటప్పుడు, నేనిలా నడిచొచ్చిన సంగతి ఎవరికీ చెప్పకండి అందామనుకున్నాను. అంటే, ఎందుకని అడుగుతుంది. ఊరుకున్నాను.

జూన్ 23, సోమవారం

కర్టెన్ల కమాండర్ వచ్చింది. ఆదివారం సాయంత్రం క్లబ్బు హాల్లో కుటుంబ సమేతంగా సినిమా వేస్తారట. "పాత దయ్యాల సినిమా అండీ, సరదాగా నవ్వుకోవడానికి. మాటలు మీరే రాశారట కదా, మీ కోడలు చెప్పింది. మీరు ముందు వరసలో కూర్చోవాలి." ఏ సినిమా అంటే, ఇళ్ళన్నీ ఒకేలా ఉండే సినిమా అంది. ముఖంలో ఏ మార్పూ లేదు. సంఘం మొత్తం చూసి ఓటేసి ఎంచుకున్నారట. మన కాలనీలాగే ఉంది కదా, పిల్లలు గుర్తుపడతారని.

కోడలు వంటింట్లోకి పరిగెత్తి కొళాయి తిప్పింది, నవ్వు వినబడకుండా.

జూన్ 26, గురువారం

కోడలు ఫోన్ చేసి రానని చెప్పేసింది. "ఇంట్లో పెద్దావిడకి ఇంకా తగ్గలేదండీ. అవునండీ. నాకూ బాధగానే ఉంది." నేను ఆ గదిలోనే, సోఫాలో, కాలికింద దిండు పెట్టుకుని ఉన్నాను.

మధ్యాహ్నం సినిమా చూశాం. కేక చాలా బాగా అరిచింది.

ఇవాళ మోకాలు అసలు నొప్పి లేదు. విచిత్రం.

జూన్ 29, ఆదివారం

హాలు నిండిపోయింది. కోడలు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది, రెండో చేతిలో నా కర్ర. ముందు వరసలో ముగ్గురం. సినిమా మొదలయింది. జనం నవ్వారు. ఆ బట్టలకి నవ్వారు, ఆ జుట్టుకి నవ్వారు. మొగుడు 'ఏం లేదు, గాలి' అంటే మా వాడూ నవ్వాడు.

సింకు దగ్గరి ముక్క వచ్చింది. పిల్ల ఇటు తిరిగింది, మూసిన పెదాలతో నవ్వింది, కేక గొంతు 'చాలడం లేదండీ' అంది. హాలంతా గొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "ఇంకోసారి వెయ్యండి," అన్నారు. తిరిగి చూస్తే ఫైరింజనావిడ.

"సమయం అయిపోతుందండీ," అంది కమాండర్.

"ఒక్కసారే. అంతే."

మళ్ళీ వేశారు. ఈసారి మగవాళ్ళే నవ్వారు.

లైట్లు వేశాక ఆవిడ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "రాసింది మీరేనటగా. మొన్న మా ఇంటికి నడిచొచ్చినప్పుడు చెప్పలేదే? అంత చకచకా నడుస్తుంటే కాలనీలో ఎవరో కొత్తావిడనుకున్నాను. కర్ర మీదేనా? ఆ రోజు లేదే."

మంచి మనిషి. మంచివాళ్ళతోనే చిక్కు.

కోడలు చేతిలో కర్ర వంక చూసింది. దాన్ని నాకివ్వలేదు, పక్కన పెట్టలేదు. ఇంటిదాకా తనే మోసుకొచ్చింది. నేను పక్కనే నడిచాను. కుంటబోయి మానేశాను.

ఇంటికొచ్చాక మా వాడు మేడమీదికి పోయాడు. కోడలు సింకు దగ్గర నిలబడింది. అక్కడ కడగడానికేమీ లేవు.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"మేష్టారు చెప్పింది పదమూడున. నాకు అంతకుముందే తెలుసు."

"గురువారం నేను ఫోన్ చేస్తున్నప్పుడు మీరు వింటూనే ఉన్నారు."

"ఉన్నాను."

"ఒక్క మాటంటే సరిపోయేది."

"సరిపోయేది."

"ఎందుకనలేదు?"

జన్మంతా మాటలు రాసి బతికాను. "మధ్యాహ్నాల కోసం," అన్నాను. అంతకంటే మంచి డైలాగు దొరకలేదు.

ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కర్రని తలుపు మూల నిలబెట్టి మేడమీదికి వెళ్ళిపోయింది.

జూన్ 30, సోమవారం

పొద్దున్న టీ దగ్గర నేనే మొదలుపెట్టాను. "ఒరేయ్, నా మోకాలు బాగుంది. బాగుపడి చాలా రోజులైంది. దాన్ని అడ్డం పెట్టుకున్నది నేను. అమ్మాయి వెళ్తుంది."

మా వాడు టీ కప్పు దించాడు. "మంచిదే కదమ్మా. కానీ మోకాలొక్కటే కాదుగా. నీ బీపీ ఉంది."

"అది ఇవాళ్టిది కాదు. నీ పెళ్ళికి ముందు నుంచీ ఉంది."

"ఇల్లెవరు చూస్తారు?"

"రెండు అట్టల మధ్య చూడ్డానికేముంది?"

"సంఘంలో అందరూ..."

"సంఘం సంగతి కమాండర్ చూసుకుంటుంది."

"ఎవరు?"

కోడలు పెదవి కొరుక్కుంది. నిన్నటి నుంచి మొదటిసారి నావైపు చూసింది, ఒక్క క్షణం.

"నేనేమీ వద్దనడం లేదు," అన్నాడు వాడు. "తన ఇష్టం."

"ఆ డైలాగు నేను రాసిందేరా నాయనా. చాలా సినిమాలకి రాశాను. అది అన్న మొగుడెవడూ చివరిదాకా ఇష్టం వచ్చినట్టు చేయనివ్వలేదు."

తర్వాత వాడు కప్పు చెవి తిప్పుతూ, నాతో కాదు, ఆ కప్పుతో చెప్పినట్టు, "ఇంటికొచ్చేసరికి లైటు వెలుగుతుండాలి. అంతే నాకు. చీకటింట్లోకి తాళం తీసుకుని రావడం నావల్ల కాదు. చిన్నప్పుడు నువ్వు డబ్బింగుకి పోతే చాలు, అలాగే వచ్చేవాణ్ణి," అన్నాడు.

నాకు తెలియదు. మెడలో తాళంచెవి వేసుకుని తిరిగేవాడు. నవ్వుతూ తిరిగేవాడు.

"లైటు నేను వేస్తాను," అన్నాను. "ఇప్పుడు ఇంట్లోనే ఉన్నానుగా."

కోడలు లేచి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. అద్దం తలుపులోంచి కనబడుతూనే ఉంది. మాట్లాడుతూ కంచె వెంబడి అటూ ఇటూ నడిచింది. లోపలికొచ్చి చెప్పింది. పెద్ద పోస్టు శనివారమే వేరే అతనికి ఇచ్చేశారు. ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతని కింద షిఫ్టు ఇంజనీరుగా అయితే చోటుందన్నారు.

"ఏమన్నావు?" అన్నాడు మా వాడు.

"వస్తానన్నాను."

నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

జూలై 1, మంగళవారం

కర్ర మోకాళ్ళ మేష్టారికి పంపించేశాను.

జూలై 6, ఆదివారం

వెళ్ళింది. అటకమీంచి బూట్లు దింపి, గుమ్మంలో కూర్చుని తుడిచింది. కొండమట్టి ఇంకా ఉంది వాటి మీద. అంత శ్రద్ధగా ఈ ఇంట్లో దేన్నీ తుడవగా చూడలేదు. కారు ఎక్కేముందు, "వేళకి మందులు వేసుకోండి," అంది. "అలాగే," అన్నాను. 'నేను లేకుండా సినిమాలు చూసేయకండి' అంటుందనుకున్నాను. అనలేదు.

కారు మలుపు తిరిగాక దాచిన ఆకుపచ్చ కర్టెన్ తీసి కోడలి గదికి కట్టాను. కుర్చీ ఎక్కి కట్టాను.

జూలై 9, బుధవారం

సొరంగంలో సిగ్నల్ ఉండదు. బయటికొచ్చాక ఫోన్ చేస్తుందట, మా వాడికి.

మధ్యాహ్నం సినిమా పెట్టి పదినిమిషాలు చూసి ఆపేశాను. కేక అలాగే మాట్లాడుతోంది. పక్కన వినే మనిషి లేకపోతే అది నిజంగా పోయినట్టుంది.

జూలై 11, శుక్రవారం

కర్టెన్ గురించి కమాండర్ వచ్చింది. టీ ఇచ్చాను. ఇంకో కప్పు ఇచ్చాను. నా ఆపరేషన్ కథ మొదటినుంచీ చెప్పాను. కర్టెన్ ఊసెత్తకుండానే లేచిపోయింది.

ఇది కోడలికి చెప్పాలి. ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను, ఎక్కడ ఆపాలో, ఎక్కడ కమాండర్ గొంతు పెట్టాలో.

జూలై 15, మంగళవారం

ఫోన్ చేసింది. నాకే. వెనకాల ఏవో యంత్రాల హోరు. "ఎలా ఉన్నారు?" అంది. "బాగున్నాను, నువ్వో?" అన్నాను. "దుమ్ము," అంది. గొంతు వేరేలా ఉంది, వెడల్పుగా. కర్టెన్ కథ చెబుదామనుకునేలోగా ఎవరో పిలిచారు. "ఉంటానత్తయ్యా," అంది.

'అత్తయ్యా' అంది. మొన్న వెళ్ళేటప్పుడు ఏ పిలుపూ లేకుండా 'వేసుకోండి' అని ఊరుకుంది. ఈ తేడా ఇంకెవరికీ పట్టదు. నాకు చాలు. చాలా రోజులకి కాదు, ఇవాళ్టికి.

జూలై 18, శుక్రవారం

సాయంత్రం కాగానే లైటు వేస్తున్నాను. హాల్లోది, మెట్లది, గుమ్మందీ. మా వాడు వచ్చి, చెప్పులు విడిచి, ఒక్క క్షణం గుమ్మంలో ఆగి, మిగతా గదుల్లోవీ వేసుకుంటూ పోతున్నాడు. మనిషి లేని గదుల్లోవి కూడా.

జూలై 20, ఆదివారం

ఈ వారం రావలసింది. పక్క షిఫ్టు వాడికి జ్వరమట, ఆగిపోయింది. మా వాడు, "పాపం, పని ఎక్కువగా ఉంది తనకి," అన్నాడు. నేనూ అదే అన్నాను. ఒకళ్ళకొకళ్ళం రెండుసార్లు చెప్పుకున్నాం.

జూలై 27, ఆదివారం

మధ్యాహ్నం భోజనం వాడే వండాడు. ఏం వండాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఇద్దరం తిన్నాం.

తర్వాత నేను సోఫాలో నా మూలన కూర్చుని సినిమా పెట్టాను. ఏదో ఒకటి కదలాలి కదా తెరమీద. వాడు గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన కూర్చోబోయాడు.

"ఆ చివరికి జరగరా," అన్నాను.

ఎందుకని అడగలేదు. అటు చివరికి జరిగి కూర్చున్నాడు. మధ్యలో ఓ మనిషి పట్టేంత చోటు మిగిలింది.

ఫోను బోర్లా పెట్టి తెర వంకే చూశాడు చాలాసేపు. దీపం పట్టుకున్న పిల్ల మెట్లెక్కుతోంది. మెట్లు కిర్రుమంటున్నాయి.

"అమ్మా, నేను ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల తను పడీపడీ నవ్వుతుండేది. ఈ సినిమాయేనా?"

"ఇదే."

"ఎక్కడ నవ్వేది?"

"ఆ చోటు ఇంకా రాలేదు," అన్నాను. "చూడు."